పెనుకొండ కొంగు

మా ఆడబిడ్డ ఈశ్వరి అంత పిరికిది ధర్మవరంలో ఇంకొకతె లేదు. ఉరుము వినబడితే మగ్గం గుంటలో దూరేది. గోడ మీద బల్లి ఉంటే ఆ గదిలో అన్నం ముట్టేది కాదు. రైలు పట్టాలు దాటాలంటే ఒక రైలు పోనిచ్చి, ఇంకొకటి రాదు కదా అని నలుగురిని అడిగి, అప్పుడు కళ్ళు మూసుకొని పరుగెత్తేది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో దాన్ని ఆటపట్టించడమే నాకు కాలక్షేపం. అత్త నా పెళ్ళికి ముందే పోయింది కాబట్టి ఆ ఇంట్లో ఆడవాళ్ళం మేమిద్దరమే. నాకు నోరెక్కువ, దానికి భయమెక్కువ. దాని కథ రాయాల్సింది నేనే, ఎందుకంటే అందులో తప్పు నాది.

దాని పని పడుగు అతకడం. మగ్గం మీద ఒక పడుగు అయిపోవస్తుంటే దాని కొసలను తీసేయకుండా అట్లాగే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలివేయాలి. నాలుగు వేలకు పైగా పోగులుంటాయి. వేలికి కాస్త బూడిద అద్దుకోవడం, రెండు కొసలు కలిపి మెలితిప్పడం, తర్వాతి పోగు అందుకోవడం. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి నడుము నిలబడదు. బల్లికి భయపడే మనిషి ఆ పనిలో మాత్రం ఒక్కసారి కూడా చెయ్యి వణికించేది కాదు. మిగిలిన కొసలు కత్తిరించడానికి ఒక చిన్న కత్తెర నడుముకు తాడుతో కట్టుకునేది. స్నానానికి తప్ప ఆ కత్తెర విప్పగా నేను చూడలేదు.

1996 శ్రావణంలో మా తమ్ముడి పెళ్ళికి దాన్ని నాతోపాటు హిందూపురం తీసుకుపోయాను. దానికి పంతొమ్మిదేళ్ళు, నాకు ఇరవై నాలుగు. తిరుగు ప్రయాణంలో మేమెక్కిన ప్యాసింజరు పెనుకొండ స్టేషన్లో ఆగిపోయింది. ఎండ మండుతున్న మధ్యాహ్నం. పెట్టెలో ఫ్యాన్లు ఆగాయి. ఎదురు సీటాయన చెవి దగ్గర పెట్టుకున్న ట్రాన్సిస్టరు గురగురమని మూగపోయింది. అప్పుడు చూశాను, ఈశ్వరి జడలో కనకాంబరాలు కట్టిన దారం కొసలు గాలి లేకుండానే పైకి లేచి నిలబడ్డాయి. నా మెడ మీద వెంట్రుకలు కూడా లేచాయి.

ప్లాట్‌ఫాం లేని వైపు నుంచి ఒక కుర్రాడు పెట్టెలోకి ఎక్కాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఒంటి మీద బూడిదరంగు బట్ట, భుజం మీద ఒక కండువా. ఆ కండువా కొసన జానెడు వెడల్పున జరీ పట్టె ఉంది. అతను మమ్మల్ని చూడలేదు. కిటికీలోంచి ఆకాశాన్ని చూసి, గభాలున సీటు కింద దూరాడు. నేను కేకవేయబోయి అతని పాదాలు చూసి ఆగిపోయాను. అవి పసిపిల్లల పాదాల్లా ఉన్నాయి, ఎర్రగా, మెత్తగా, ఒక్క గీత లేకుండా. కంకర రాళ్ళు కోసి నెత్తురు కారుతోంది.

ఈశ్వరి నా వెనక దాక్కుంటుందనుకున్నాను. అది తన రబ్బరు చెప్పులు విడిచి కాలితో అతని వైపు తోసింది. అతను వాటిని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూశాడు. ఏది ఎడమదో ఏది కుడిదో కాదు, అసలవి ఏమిటో కూడా తెలిసినట్టు లేదు. అది కింద కూర్చుని తనే తొడిగింది.

“ఏమ్మే, ఎవుడో ఏమో, నీకేల?” అన్నాను.

“భయపడతాండాడు వదినా. నాకంటే ఎక్కువ భయపడేటోణ్ణి నేనెప్పుడూ చూడలే,” అంది.

కాసేపటికి పై నుంచి ఏదో బరువు తొలగినట్టయింది. ఫ్యాన్లు తిరిగాయి, రైలు కదిలింది. ధర్మవరంలో దిగితే అతనూ మా వెంట దిగి, పిలవకుండానే మా ఇంటిదాకా వచ్చాడు.

మా మామ ఆదెప్ప మనిషిని చూడడు, మనిషి మీదున్న గుడ్డను చూస్తాడు. మా వెనక నిలబడ్డవాణ్ణి వదిలేసి అతని కండువా కొస పట్టుకొని వెలుతురుకు ఎత్తి చూశాడు. “ఇది ఎవురి చేతి పనప్పా?” అని అడిగాడు. కుర్రాడు కండువా వెనక్కి గుంజుకున్నాడు. “నేతగాళ్ళ పిల్లోడే. గుడ్డ చెప్తాండ్లా? ఉండనీ,” అన్నాడు. పేరు అడిగితే మన మాట అతనికి అర్థం కాలేదు. అప్పుడు పక్కింటి రేడియోలో వేణువు వాయిస్తున్నారు, వేణు అని పిలిచాం.

నెల తిరిగేలోపు మన మాట మొత్తం పట్టేశాడు. పని కూడా. మగ్గానికి అటు చివర అతను, ఇటు చివర ఈశ్వరి కూర్చుని పడుగు అతికేవాళ్ళు. సాయంత్రానికి పోగులన్నీ అయిపోయి, మధ్యలో ఇద్దరి వేళ్ళూ కలిసేవి. చివరి పోగు ఎవరు మెలివేయాలని తగువులాడుకునేవాళ్ళు. నేను వంటింట్లోంచి దగ్గేదాన్ని. ఈశ్వరి ముఖం ఎర్రబడేది. నాకు నవ్వొచ్చేది, సంతోషంగానూ ఉండేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో మేము ముగ్గురమే ఉన్నప్పుడు, ఇంకా అతకని పడుగు కొసలు, ఆ వేల పోగులు, ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. తలుపు మూసే ఉంది. గాలి లేదు. ఈశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేణు అట్లాగే గోడకు ఆనుకుపోయాడు. రోజూ మడిచి దాచుకునే కండువా ఆ పూట అతని భుజం మీద ఉంది. దాన్ని లాగేసి మడతపెట్టి దాని మీద కూర్చున్నాడు. కాసేపటికి పోగులు వాలిపోయాయి.

“ఏందది? నిజం చెప్పు,” అన్నాను.

“నన్ను వెతుకుతాండారు,” అన్నాడు. “పైన.”

ఆ రోజు అతను చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. వాళ్ళ రాజ్యానికి నేల లేదు. చుక్కల మధ్య వేల ఓడలున్నాయి, ఆ ఓడలే రాజ్యం. వాటికి ఒక రాజు. ఆ రాజు వేరే చిన్న ఓడలో ఒంటరిగా ఉంటూ మిగతా ఓడల చుట్టూ తిరుగుతూ ఉండాలి, చచ్చేదాకా. అతని పాదం నేల తాకకూడదు. అతని ముఖం ఎవరూ చూడకూడదు. అతను తిరగకపోతే ఓడలన్నీ దారి తప్పుతాయని వాళ్ళ నమ్మకం.

“నిజంగా తప్పుతాయా?” అంది ఈశ్వరి.

“ఎవురూ చూసింది లే. మా నాయన అట్లనే తిరిగి తిరిగి పోయినాడు. ఆయన గొంతు విన్నా. ముఖం చూడలే. ఆయన పోయినంక ఈ గుడ్డ నా భుజం మీద ఏసినారు. ఏసిన రోజే పారిపోయి వచ్చినా.”

“ముఖం చూడకుంటే రాజని ఎట్ల తెలుస్తాది?” అన్నాను.

“ఈ జరీ పట్టె ఎవురి ఒంటి మీదుంటే వాళ్ళే రాజు. మనిషితో పనిలే. ఈ డిజైను మలుపుల్లో వెండి జరీ పడితే అది గొంతు మాదిరి పలుకుతాది అక్కా. మడతపెడితే పలకదు. ఒంటి మీద ఏసుకుంటే పైనోళ్ళకు వినపడతాది.”

“మరి ఇన్నాళ్ళూ ఏల దగ్గర పెట్టుకున్యావు?” అంది ఈశ్వరి. ఏడుస్తోంది, కోపంగా కూడా ఉంది.

“మా నాయనది అది ఒక్కటే ఉండాది నా కాడ.”

ఆ సాయంత్రమే దాన్ని పొయ్యిలో కాల్చాం. చివరికి వెండి ముద్ద ఒకటి మిగిలింది. ఈశ్వరి దాన్ని తీసుకుపోయి పాడుబావిలో పడేసింది, చీకటి బావి దగ్గరికి ఒంటరిగా. భయం వదిలిందనుకున్నాం ముగ్గురం. ఆ తర్వాత వేణు రోజూ పొద్దున చెప్పులు విడిచి వీధి చివరిదాకా మట్టిలో నడిచి వచ్చేవాడు. పాదాలు గట్టిపడాలని. అవి గట్టిపడితే ఇక అక్కడివాడు కాదట.

కానీ మా మామ సంగతి మేం మరిచిపోయాం. ఎక్కడైనా కొత్త డిజైను కంటబడితే దాన్ని గీసుకోకుండా ఉండగల నేతగాడు ధర్మవరంలో లేడు. వేణు వచ్చిన రెండో రోజు ఆ కండువా ఉతికి దండెం మీద ఆరేస్తే, మా మామ పోగులు లెక్కపెట్టి గళ్ళ కాగితం మీద ఆ పట్టె మొత్తం దించుకున్నాడు. మాకెవరికీ చెప్పలేదు. డిజైనును సొంత కొడుకుకు కూడా చెప్పరు ఇక్కడ.

మరుసటి ఏడు వైశాఖంలో ఈశ్వరికీ వేణుకూ పెళ్ళి కుదిరింది. కుర్రాడికి ముందూ వెనకా ఎవరూ లేరని చుట్టాలు గొణిగారు. “చెయ్యి మంచిది, ఇంకేం కావల్ల?” అని మా మామ వాళ్ళ నోళ్ళు మూయించాడు. పెళ్ళి రోజు పొద్దున ఒక పొట్లం తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. ముహూర్తపు చీర. చింతపండు రంగు ఒళ్ళు, కొంగుకు జానెడు జరీ పట్టె. వేరే వీధిలో తన బావమరిది మగ్గం మీద రహస్యంగా నేశాడట.

“ఇట్లాంటి కొంగు ఈ ఊర్లో ఎవురి కాడా లేదు మ్మే,” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. కూతురి పెళ్ళిలో తండ్రి ఇచ్చిన చీర వద్దని ఎట్లా చెప్తాం? ఏమని చెప్తాం? ఈశ్వరి నా వైపు చూసింది. దాని పెదవులు తెల్లబడ్డాయి. నేనే కట్టాను ఆ చీర. కుచ్చిళ్ళు మూడుసార్లు జారిపోయాయి.

పీటల మీద కూర్చున్న అరగంటకు పూలదండల దారాలు లేచాయి. సన్నాయి ఆయన ఊదుతూనే ఉన్నాడు గానీ మైకు మూగబోయింది. షామియానా కింద నుంచి ముగ్గురు వచ్చారు. చాలా పొడుగు. ముఖాల మీద తెల్లటి గుడ్డ వేలాడుతోంది. ఎవరో స్వాములనుకొని జనం దారి ఇచ్చారు. మా మామ వేణు తరఫువాళ్ళు వచ్చారని సంబరపడి, చెంబుతో నీళ్ళు తీసుకొని ఎదురుపోయాడు.

“కాళ్ళు కడుక్కోండి సామీ,” అని వంగి నీళ్ళు పోశాడు.

నీళ్ళు వాళ్ళ పాదాల కింద నుంచి పారిపోయాయి. పాదాలకూ నేలకూ మధ్య వేలెడు ఖాళీ ఉంది. నేను అది చూశాను.

వాళ్ళు తిన్నగా పీటల దగ్గరికి వచ్చారు. వేణు తల వంచుకున్నాడు. అతణ్ణి వాళ్ళు చూడను కూడా లేదు. ఈశ్వరి కొంగు చూసి ముగ్గురూ నడుము వరకు వంగారు. ఒకడు దాన్ని ఎత్తుకోవడానికన్నట్టు రెండు చేతులూ చాచాడు.

అంతలో వాడి తల పక్కకు తిరిగింది. మూడో వరుసలో మా పిన్నత్త కూతురు కూర్చుని ఉంది. దాని ఒంటి మీద అదే కొంగు. వాళ్ళు ముగ్గురూ వెళ్ళి దానికీ వంగారు. దాని వెనక ఇంకొకామె, అక్షింతల పళ్ళెం దగ్గర ఇంకొకామె. మొత్తం ఏడుగురు. మగ్గానికి డిజైను చెప్పే చిల్లుల జాకార్డు అట్టలను మా మామకు కొట్టిచ్చిన చిన్నస్వామి, అలవాటు ప్రకారం ఇంకో జత తనకోసం కొట్టుకున్నాడు. అతని దగ్గర నుంచి పక్క వీధి, అక్కడ నుంచి ఇంకో వీధి. రెండు నెలల్లో ఆరు మగ్గాలెక్కింది.

వాళ్ళు ముగ్గురూ మధ్యలో దగ్గరగా చేరి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వచ్చినట్టే వెళ్ళిపోయారు. మైకు గరగరమని మళ్ళీ పలికింది. మా మామ మాత్రం పెళ్ళి మరిచిపోయి చిన్నస్వామి గల్లా పట్టుకున్నాడు.

“నా కూతురి కొంగు రా అది. సిగ్గుండాదా నీకు?”

“రాజు ఒక్కడే ఉండల్ల,” వేణు నా చెవిలో అన్నాడు. అతని ఒళ్ళంతా చెమట. “ఇద్దరుంటే ఎవురినీ పట్టుకునేదానికి వాళ్ళకు అధికారం లే. ఓడలో కూర్చోబెట్టినోణ్ణయినా వదలాల్సిందే.”

ఆ రాత్రే మామకు విషయం చెప్పాం. నమ్మాడో లేదో తెలియదు. నీళ్ళు పాదాలకు తగలకుండా పారిపోవడం ఆయనా చూశాడు. తెల్లారి ఆ గళ్ళ కాగితానికి నకళ్ళు తీయించి వీధి వీధి తిరిగి, అడిగినవాడికీ అడగనివాడికీ ఇచ్చాడు. జీవితంలో ఒక్క డిజైను ఎవరికీ ఇవ్వని మనిషి. వ్యాపారులు దానికి పెనుకొండ కొంగు అని పేరు పెట్టారు, ఎందుకో నాకు తెలియదు. నాలుగేళ్ళు హిందూపురం, పెనుకొండ, గోరంట్ల, ఏ పెళ్ళికి పోయినా నలుగురి భుజాల మీద అది కనబడేది. ఈశ్వరి పెళ్ళిళ్ళలో ముద్ద ముద్దకూ తలెత్తి ఆ కొంగులు లెక్కపెట్టుకునేది. లెక్క బాగుంటే కడుపునిండా తినేది.

2001లో మామ పోయాడు. పోయే ముందు నేసిన ఆఖరి చీర నాకిచ్చాడు. అదే కొంగు.

తర్వాత కాలం మారింది. కంప్యూటరు డిజైన్లు వచ్చాయి, మరమగ్గాలు వచ్చాయి. పెనుకొండ కొంగు ముసలివాళ్ళదన్నారు. పాత పట్టుచీరలు కొనేవాళ్ళు సంచులేసుకొని వీధుల్లో తిరిగి, వెండి కోసం వాటిని కాల్చడం మొదలుపెట్టారు. 2005లో ఒకనాడు మగ్గం మీద పోగులు మళ్ళీ లేచాయి. ఎనిమిదేళ్ళ తర్వాత. నా చేతిలో గరిటె కింద పడింది.

“గొంతులు తగ్గిపోతాండాయి,” అన్నాడు వేణు. “ఓడ కిందికి దిగింది. ఏ పూట చూసినా ఇద్దరి ఒంటి మీదైనా ఉండల్లంటే వెయ్యి మంది కట్టుకోవల్ల, లేదంటే ఒక్కరూ కట్టుకోకూడదు.”

వెయ్యి మందిని ఎక్కడ తెస్తాం? ఈశ్వరి తన ముహూర్తపు చీర తీసుకుపోయి, కాలి బూడిదయ్యేదాకా దగ్గర నిలబడి చూసి వచ్చింది. తెలిసిన ఇళ్ళన్నీ తిరిగి బతిమాలి, మిగిలినవి కూడా కాల్పించింది. “నీది వదినా?” అని అడిగింది.

“ఎప్పుడో ఇచ్చేసినా,” అన్నాను.

ఇవ్వలేదు. మా మామ ఆఖరి చీర అది. మడతలో ఉంటే పలకదు కదా, ఎప్పుడూ కట్టుకోను కదా, అనుకున్నాను. బీరువా అడుగున పెట్టి పైన కాగితం పరిచాను.

2008 శ్రావణంలో హిందూపురంలో మా తమ్ముడి గృహప్రవేశం. మా మరదళ్ళంతా ఒళ్ళంతా పూసలు కుట్టిన చీరలు తెచ్చుకున్నారని విన్నాను. ధర్మవరం కోడలు మామూలు చీరతో పోతే ఏం బాగుంటుంది? మూడేళ్ళుగా పోగులు లేవలేదు. ఒక్క పూటకు ఏమవుతుంది? ఇది నా బుద్ధి. ఈ మాట రాయడానికి నాకు ఎంతో కాలం పట్టింది.

ఆ పూట అందరూ నా కొంగు పట్టుకొని చూశారు. నేను పొంగిపోయాను. మధ్యాహ్నం ప్యాసింజరులో నా ఇద్దరు పిల్లలతో తిరిగి బయలుదేరాను. చీర మార్చుకోలేదు. పెనుకొండలో ఈశ్వరి, వేణు మా పెట్టెలోనే ఎక్కారు. ఏటా శ్రావణంలో రెండో శనివారం వాళ్ళు ఆ స్టేషనుకు పోయి, బెంచీ మీద కాసేపు కూర్చుని వచ్చేవాళ్ళు. నేను ముసిముసిగా నవ్వేదాన్ని గానీ ఆ రోజు ఆ సంగతే గుర్తులేదు.

ఈశ్వరి నన్ను చూసి నవ్వబోయింది. దాని చూపు నా భుజం మీద పడింది.

“వదినా,” అంది. అంతే అంది.

ఫ్యాన్లు ఆగిపోయాయి. కిటికీ దగ్గర నా చిన్నదాని జడ రిబ్బను కొసలు లేచాయి. పెట్టె అటు చివర నుంచి ముగ్గురు వస్తున్నారు, ముఖాల మీద తెల్లటి గుడ్డలతో, చప్పుడు లేకుండా. నేను కొంగు మడవబోయాను. చేతులు చలనం లేక పక్కన పడి ఉన్నాయి. పిల్లలు నా చీర పట్టుకొని ఏడుస్తున్నారు. ఆ ముగ్గురూ నా ముందు ఆగి నడుము వరకు వంగారు. వేణు అడ్డం వచ్చి, “నేను, నేనే,” అని వాళ్ళ మాటలోనూ మన మాటలోనూ అరిచాడు. వాళ్ళకు అతను కనబడలేదు. చేతులు నా వైపు చాచారు.

ఈశ్వరి నడుముకున్న కత్తెర తీసింది. నా భుజం కింద నుంచి కొంగును ఒక్క గాటుకు పట్టి, పోగు వెంబడి సరిగ్గా అడ్డంగా కత్తిరించుకుంటూ పోయింది. దాని చెయ్యి వణకలేదు. జరీ పట్టె విడిపోయి దాని చేతిలోకి వచ్చింది. దాన్ని తన భుజం మీద వేసుకుంది.

ముగ్గురూ దాని వైపు తిరిగి వంగారు.

“వద్దు మ్మే,” అన్నాను.

“ఇంత దగ్గర చూసినంక మడిచినా వదలరు. నీకు పిల్లోళ్ళుండారు వదినా.” ఏడుస్తోంది, పళ్ళు టకటకమంటున్నాయి. వేణు దాని చెయ్యి పట్టుకొని గుంజుతున్నాడు. “నీ కాళ్ళు ఇప్పుడే గట్టిపడినాయి. నువ్వు ఈడ నడువు,” అంది అతనితో.

చెప్పులు విడిచింది. రాజు పాదాలకు ఏదీ తగలకూడదు కదా. వాళ్ళు దాన్ని ఎత్తుకున్నారు, ప్లాట్‌ఫాం లేని వైపు దిగారు. ఉరుముకు మగ్గం గుంటలో దూరే మనిషి. వేణు దూకి పరుగెత్తాడు. ఎండ తప్ప అక్కడ ఏమీ లేదు.

ఊళ్ళో అడిగినవాళ్ళకు దూరపు చుట్టాల ఇంటికి పోయిందని చెప్పాం. వేణు నెలరోజులు నాతో మాట్లాడలేదు, తిట్టినా బాగుండేది. నేను అన్నం ముందు కూర్చుంటే ఆ పిల్ల ఒంటరిగా ఆ చిన్న ఓడలో ఎట్లా భయపడుతోందో అదే కనబడేది. తర్వాత ఒకనాడు అతను అటక ఎక్కి, మామ గళ్ళ కాగితం దించాడు.

“ఇద్దరుంటే అధికారం లే కదా అక్కా,” అన్నాడు.

తనే అట్టలు కొట్టాడు, తనే నేశాడు. మొదటి పట్టె భుజాన వేసుకొని రోజంతా వాకిట్లో నిలబడ్డాడు. పోగులు కదల్లేదు. ఓడ దూరం పోయింది, ఒక్క గొంతు వినపడదు, పది గొంతులు కావాలన్నాడు. నా భర్త హరి రెండో మగ్గం ఎక్కాడు. ఏడాదిలో పది చీరలు. కట్టుకునేవాళ్ళను తెచ్చే పని నాది. మొక్కు ఉందని, పెనుకొండలో తీర్చాలని, వీధిలో ఆడవాళ్ళకు చెప్పాను. అబద్ధం నాకు అలవాటే.

2009 శ్రావణంలో రెండో శనివారం మేం పదిమంది ఆడవాళ్ళం ఆ కొంగులు కప్పుకొని పెనుకొండ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాం. మిగతావాళ్ళు కబుర్లాడుకుంటున్నారు. ఈ కొంగు కప్పుకుంటే ఏమవుతుందో ఆ పదిమందిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. లెక్క తప్పితే, ఎవరైనా ఒకరు ఉక్కపోతకు కొంగు మడిస్తే, ఇంకొకరు మడిస్తే, చివరికి మిగిలేది ఎవరు? నేను మాత్రం మడవననుకున్నాను. పట్టాల అవతల వేణు, ఈశ్వరి రైల్లో విడిచిపోయిన చెప్పులు రెండు చేతుల్లో పట్టుకొని నిలబడ్డాడు. భుజం మీద పదకొండో పట్టె.

ఒంటిగంట దాటాక నా పక్కనున్న పార్వతమ్మ జడలో దారం కొస లేచింది. తర్వాత అందరివీ. నేను తల ఎత్తలేకపోయాను. ముగ్గురినీ ఇంకోసారి చూసే ధైర్యం నాకు లేదు, నేల వైపే చూస్తూ నిలబడ్డాను. తర్వాత కంకర మీద అడుగుల చప్పుడు. నేలను తాకే అడుగులు, తడబడుతూ పరుగెత్తే అడుగులు.

వంగిన నా కళ్ళకు పట్టాల మధ్య రెండు పాదాలు కనబడ్డాయి. ఎర్రగా, మెత్తగా, ఒక్క గీత లేకుండా. నెత్తురు కారుతోంది.

“పదకొండు మందికి వంగి, నన్ను వదిలేసినారు వదినా,” అంది ఈశ్వరి రొప్పుతూ. “మళ్ళీ ఎత్తుకుపోతారేమో అని భయమేసి ఉరికొచ్చినా.”

వేణు ఆ కంకరలోనే కింద కూర్చుని దాని పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏది ఎడమదో ఏది కుడిదో ఇప్పుడతనికి తెలుసు.